నా గొంతు నాతోనే వస్తుంది

శుద్ధ పాడ్యమి

ఈ రోజు రాజీనామా ఇచ్చాను. అమావాస్య దాటేదాకా కావాలనే ఆగాను. సముద్రం లంకల మీదికి వచ్చేశాక మా బల్లకట్లపేటలో సెలవులూ, సంతలూ, బడి పరీక్షలూ అన్నీ తిథుల ప్రకారమే నడుస్తున్నాయి. పోటెప్పుడో పాటెప్పుడో తెలియకుండా ఇక్కడ ఎవరూ గుమ్మం దాటలేరు. నర్సు ఉద్యోగం మానాలంటే ఒక చంద్రమాసం ముందు చెప్పాలి. కాబట్టి వచ్చే అమావాస్య దాకా నేను పెద్దపంటు ఆస్పత్రి మనిషినే.

సూపరింటెండెంట్ ప్రసూనాంబ మేడమ్ కాగితం చదివి కళ్ళజోడు తీశారు. నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

“పురుళ్ళ పనికా?” అన్నారు.

“అవునండి. ఎగువగట్టు ఆస్పత్రిలో శిక్షణ ఇచ్చి చేర్చుకుంటామన్నారు. ఇన్నేళ్ళూ దగ్గులే విన్నాను మేడమ్. ఇంక పసిపిల్లల ఏడుపులు వినాలనుంది.”

ఆవిడ నవ్వారు. “వెళ్ళమ్మా, మంచిదే. నీ గొంతు ఎలాగూ ఇక్కడే ఉంటుందిగా.”

పరాచికం అనుకుని నేనూ నవ్వాను. గుమ్మం దాకా వెళ్ళాక ఆవిడ మళ్ళీ పిలిచారు. “ఎస్తేరూ, పేషెంట్లకి మాత్రం చెప్పకు. వాళ్ళకి తెలియాల్సిన పని లేదు.”

అప్పుడు అర్థమైంది, ఆవిడ అన్నది పరాచికం కాదని.

శుద్ధ చవితి

నా పేషెంట్లందరిదీ ఒకటే జబ్బు, ఉప్పుదగ్గు. చచ్చిపోయిన పొలాల మీద నుంచి లేచే ఉప్పుధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. పూటపూటా ఆవిరి మందు పీల్చాలి. అది గొంతులో నిప్పులా దిగుతుంది. ఎవరూ ఇష్టంగా పీల్చరు. బతిమాలాలి, కసరాలి, పాత సంగతులేవో ఎత్తి మరిపించాలి. వాళ్ళంతా నీళ్ళ మీద తేలే తమ తమ బల్లకట్ల ఇళ్ళలోనే ఉంటారు. నేను రోజూ పడవలో కొందరి దగ్గరికే వెళ్ళగలను. మిగతావాళ్ళ దగ్గర నా ‘తోడు’ ఉంటుంది. చెవి వెనక కందిగింజంత పరికరం. అది నా గొంతుతో, నా మాటతీరుతో మాట్లాడుతుంది, అడిగితే జవాబు చెబుతుంది, మందు వేళకి గదమాయిస్తుంది. దానికి ఏళ్ళ తరబడి నేను నేర్పిన మాటలవి.

ఇవాళ నా పడవలో కొత్త నర్సు కుంజా సీతాలు ఎక్కింది. మన్యం పిల్ల, పొడుగ్గా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. నా తర్వాత ఈ వరస ఇళ్ళన్నీ తనవే. తెడ్డు వేస్తూ, ఆస్పత్రి తనకి ఏం చెప్పిందో చెప్పింది. సీతాలు ఇళ్ళకి వెళ్ళి నాడి చూడాలి, ఛాతీకి గొట్టం ఆనించి వినాలి. మాట్లాడటం మాత్రం తోడు చూసుకుంటుంది, నా గొంతుతోనే. ఎవరైనా ఎస్తేరు ఏదని అడిగితే, వేరే వరసకి వెళ్ళింది, మీతో మాట్లాడుతూనే ఉందిగా అనాలి.

“మరి నాకు నోరు లేదా అక్కా?” అంది సీతాలు.

ఓలేటి పోలమ్మ బల్లకట్టు దగ్గర పడింది. చుక్కాని కొయ్యని ఊతకర్రగా చేసుకుని నిలబడి ఉందామె. ఒకప్పుడు సముద్రం మీద మగవాళ్ళతో సమానంగా వల లాగిన మనిషి.

“ఏమే ఎస్తేరూ, పొద్దున్నే చెవిలో అంత నస పెట్టేవు, ఇప్పుడింత తీరిగ్గా వస్తన్నావేంటి?” అంది.

పొద్దున మాట్లాడింది నేను కాదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. తోడు మాట్లాడినా వెనక నేనున్నానుగా. అది తప్పు చెబితే మర్నాడు వెళ్ళి దిద్దేదాన్ని. ఇవాళ మొదటిసారి ఆ మాట ఒళ్ళు జలదరించేలా చేసింది.

శుద్ధ అష్టమి

ఎగువగట్టు ఆస్పత్రి నుంచి మురళీధర్ గారు వచ్చారు. రేవులో టీ తాగుతూ మాట్లాడుకున్నాం. చాలా మర్యాదస్తుడు. నా శిక్షణ ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ ఉండాలో అన్నీ చెప్పాక గ్లాసు కింద పెట్టి అసలు విషయానికొచ్చారు.

“మీ పేషెంట్లని కూడా మా వైపు రమ్మనకూడదా అమ్మా? మాకూ తోడులున్నాయి. మీరొక్క మాట చెబితే వస్తారు.”

“నేను పురుళ్ళ పనికి వస్తున్నానండి. వాళ్ళు దగ్గు పేషెంట్లు.”

“ఆ గొంతుని నమ్ముకున్నవాళ్ళు కదా. గొంతు ఎటు వస్తే అటే వస్తారు. మా వాళ్ళ ఆశ కూడా అదే.”

“అంటే మీకు కావలసింది నేను కాదన్నమాట.”

ఆయన ఇబ్బందిగా నవ్వారు. “రెండూను.”

“వాళ్ళు నన్ను నమ్మింది మందు కోసమండి. ఆ నమ్మకాన్ని మూటగట్టుకుని మీ రేవులో దించలేను. ఎక్కడ చూపించుకోవాలో వాళ్ళిష్టం. నేను ఈ నెల్లో ఆ మాట ఎత్తను.”

“పోనీ, ఆలోచించుకోండి.”

“ఆలోచించే చెబుతున్నానండి.”

పడవెక్కేముందు ఆయన, అయితే శిక్షణ సంగతి పైవాళ్ళని అడిగి చెబుతానన్నారు. అడగక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. నాకు ఇటు ఉద్యోగం మానుకున్నట్టే అయింది, అటు దొరకనూ లేదు. ఇంటికొచ్చి చేపల పులుసు కాచుకుని కడుపునిండా తిన్నాను. భయమేసింది. తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

శుద్ధ ఏకాదశి

మేడమ్ గదికి వెళ్ళి నిలబడే చెప్పాను. “పేషెంట్లకి చెప్పబోతున్నానండి. నేను వెళ్ళిపోతున్నాననీ, సీతాలు వస్తోందనీ. నేను వెళ్ళిన రోజున తోడులో నా గొంతు ఆపేయాలి. సీతాలు గొంతు నేర్పండి. అందుకు కావలసినంత సాయం చేస్తాను.”

“కూర్చో,” అన్నారు.

కూర్చోలేదు.

“ఆ గొంతు ఆస్పత్రిది ఎస్తేరూ. నువ్వు చేరేటప్పుడు ఒప్పుకున్నదే.”

“ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒప్పుకున్నానండి. రేపు అది ఎవరికైనా తప్పు మోతాదు చెబితే జవాబుదారు ఎవరు? వాళ్ళ దృష్టిలో చెప్పింది నేనే. నేనేమో అక్కడ ఉండను.”

మేడమ్ కిటికీలోంచి నీళ్ళ వైపు చూశారు. “తోడులు రాకముందు ఏం జరిగేదో నీకు తెలీదు. ఒక నర్సు మానేసి వెళ్ళింది. కొత్తమ్మాయి చేతి మందు పీల్చమని వాళ్ళంతా మొండికేశారు. ఆ వర్షాకాలంలో ఎన్ని శవాలు పడవల్లో పంపానో నాకు తెలుసు. నీ గొంతు వాళ్ళని బతికిస్తోంది. నీ నిజం కోసం మనుషుల్ని చంపుతావా?”

ఈ ప్రశ్నకి జవాబు లేకుండా నేను ఆ గదికి వెళ్ళలేదు.

“ఆ నర్సు చెప్పకుండా వెళ్ళింది కదండీ?”

ఆవిడ కిటికీ రెక్క దగ్గరికి లాగారు.

“చెప్పి, కొత్తమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి చేతిలో పెట్టి వెళ్ళడం మీరే నాకు నేర్పారు. చార్జి అప్పగించడమంటే మనిషిని మనిషికి అప్పగించడం అన్నారు. దానికే ఈ నెల.”

“నేను వద్దంటున్నాను. ఇది ఆర్డరు.”

“తెలుసండి. అందుకే ముందు మీకు చెబుతున్నాను. దొంగచాటుగా చెయ్యను.”

పౌర్ణమి

మొదట పోలమ్మకే చెప్పాను. పోటు బాగా ఎక్కి బల్లకట్లన్నీ గొలుసుల మీద గుంజుకుంటున్నాయి. సీతాలు నా పక్కనే కూర్చుంది.

“అత్తా, అమావాస్య తర్వాత నేను రాను. పురుళ్ళ పని నేర్చుకోవాలని పోతున్నాను, ఎక్కడో ఇంకా తేలలేదు. ఇంక నీ మందు సీతాలు చూస్తుంది.”

పోలమ్మ చుక్కాని కొయ్య పక్కన పెట్టింది. “పొద్దున నాతో మాట్టాడినప్పుడు చెప్పలేదే?”

“పొద్దున మాట్లాడింది నేను కాదత్తా. తోడు.”

“తోడంటే నువ్వే కదే.”

“కాదు.”

ఆమె చెవి వెనక వేలు పెట్టి, తోడు మాట బయటికి వినబడేలా నొక్కింది. గట్టిగా అడిగింది. “ఎస్తేరూ, ఎల్లిపోతన్నావా ఏంటే?”

తోడు జవాబిచ్చింది. నా గొంతే. నేను ముద్దుగా మాట్లాడేటప్పుడు కొంచెం సాగదీసే ఆ తీరు కూడా నాదే.

“నేనెక్కడికెళ్తాను పోలమ్మత్తా? నీ దగ్గరే ఉంటాను. ముందు మందు పీల్చు.”

నా గొంతు నా ఎదురుగానే అబద్ధమాడింది. నేను జన్మలో ఆమెతో ఆడని అబద్ధం. లేచి నిలబడ్డానో కూర్చునే ఉన్నానో గుర్తులేదు. సీతాలు నా భుజం పట్టుకోవడం మాత్రం తెలిసింది.

పోలమ్మ తోడుని పీకి అరచేతిలో పెట్టుకుంది. ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూసింది. “మీ ఇద్దర్లో ఎవరు నాతో ఆటలాడతన్నారే? అదా, నువ్వా?”

“నేను కాదత్తా.”

“అదీ అదే అంటది.”

తోడుని నీళ్ళలోకి విసిరేసింది. ఆ పూట మందు పీల్చలేదు.

బహుళ తదియ

పౌర్ణమి నుంచీ మందు ముట్టని పోలమ్మని పెద్దపంటుకి తెచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టారు. మందు గొట్టం నోటి దగ్గరికి తెస్తే పళ్ళు బిగించి మొహం తిప్పేస్తోంది. బలవంతంగా పెట్టే మందు కాదది, మనిషి తనంతట తాను పీల్చాలి.

వరండాలో మేడమ్ నా దారికి అడ్డం నిలబడ్డారు. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

“చూశావుగా. లోపలికి వెళ్ళి, ఎక్కడికీ వెళ్ళట్లేదని చెప్పు. ఒక్క మాట. ఆవిడ కోలుకున్నాక నీ ఇష్టం.”

చెప్పేద్దామనుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి దాచను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కోలుకున్నాక నేను వెళ్తే, ఆమె ఇంక ఏ నర్సు చేతి మందూ పీల్చదు. సీతాలు చేతి మందు అసలే పీల్చదు.

“చెప్పనండి. కానీ ఆవిడ దగ్గర్నించి లేవను కూడా.”

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. పోలమ్మ కళ్ళు మూసుకునే అంది. “పోయేదానివి పో.”

“పోతాను. అమావాస్య దాకా పోను. నా మీద కోపముంటే తిట్టు, కొట్టు. ఆ కోపంతో నీ ఊపిరి నువ్వు ఆపుకోకు.”

“అమావాస్య తర్వాత ఈ పిల్లంట.” కన్ను తెరిచి సీతాలుని చూసింది. “దీనికి మాటలొచ్చా?”

సీతాలు మంచం అవతలి వైపు నిలబడి ఉంది. “వచ్చు. అక్కలాగా రావు,” అంది.

“ఏ ఊరే నీది?”

“ఊరు లేదవ్వా. మా తాతలున్నప్పుడే ఆనకట్ట కింద మునిగిపోయింది. దాని పేరు మా అమ్మ నాకు పెట్టాలనుకుందంట. మునిగిన పేరెందుకని నాన్న వద్దన్నాడంట.”

పోలమ్మ కాసేపు ఊపిరి కోసం తంటాలు పడింది. తర్వాత చిన్నగా అంది. “మమ్మల్ని సంద్రం మింగింది. మిమ్మల్ని ఏరు మింగింది. ఏంటే దాని పేరు?”

సీతాలు చెప్పింది. పోలమ్మ ఆ పేరుని తప్పుగా పలికింది. సీతాలు దిద్దింది. మళ్ళీ తప్పే పలికింది. సీతాలు మొహమాటం లేకుండా మళ్ళీ దిద్దింది.

“మందు పీలిస్తే సరిగ్గా పలకొచ్చవ్వా. ఊపిరి చాలట్లేదు నీకు.”

“దీనికి పొగరు,” అంది పోలమ్మ నాతో.

“పొగరే అత్తా.”

“నువ్వవతలికి పో. నువ్వు చూస్తంటే పీల్చను.”

నేను లేచి గుమ్మం అవతల గోడకి ఆనుకుని నిలబడ్డాను. గొట్టం బుసబుసమన్న శబ్దం వినబడింది. తర్వాత పోలమ్మ సీతాలుని తిట్టిన తిట్లు వినబడ్డాయి. మందు మంటకి తిట్టే తిట్లవి, నాకు బాగా తెలుసు. మేడమ్ వరండాలోనే ఉన్నారు. ఆవిడా విన్నారు. తన గదికి వెళ్ళిపోయారు.

బహుళ షష్ఠి

ఇంకెవర్నీ వదల్లేదు. సీతాలూ నేనూ ప్రతి బల్లకట్టూ ఎక్కాం. కొందరు ఏడ్చారు. ఒకాయన, ఏ ఆస్పత్రికి పోతున్నావో చెబితే మేమూ వస్తామన్నాడు. నా కోసం మారొద్దు, మీ మందు ఇక్కడే బాగా నడుస్తోందని చెప్పాను. ఒకావిడ తలుపు మొహాన వేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాం, తీసింది. ఆస్పత్రి గురించి చెడ్డగా ఒక్క మాటా అనలేదు. అనడానికి నా దగ్గర మాటలు లేక కాదు.

సాయంత్రం రేవులో నా చేతికి తాఖీదు వచ్చింది. ఆజ్ఞ ధిక్కరించి రోగులని కలవరపెట్టానని ఆస్పత్రి, నర్సుల మండలికి ఫిర్యాదు చేసింది.

బహుళ ఏకాదశి

మండలి విచారణ పాత కోర్టు పడవ మీద జరిగింది. మండలి పెద్ద ముసలాయన, చెవి సరిగ్గా వినబడదు. అందుకే అందరం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. అదే మంచిదైంది. ఎవరూ నసగలేకపోయారు.

ఆస్పత్రి తరఫున మాట్లాడిన ఆయన, గొంతు ఆపితే ప్రాణాలు పోతాయన్నాడు. పెద్దాయన నా వైపు తిరిగారు. “నీ గొంతుని ఇంకో ఆర్నెల్లు ఉండనిస్తే నీకేం నష్టమమ్మా?”

“నాకేమీ లేదండి. వాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ళకి తెలీకుండా పోతుంది. నేను వెళ్ళిపోతానని నేను చెప్పిన రోజే, వెళ్ళనని నా గొంతు చెప్పింది. నేను బతికుండగానే నా పేరుతో ఒక అబద్ధం తిరగడానికి ఒప్పుకోను.”

“నీ పై అధికారి వద్దన్నా చెప్పావు.”

“చెప్పానండి.”

“మళ్ళీ అవకాశమిస్తే?”

“ఇంకా ముందే చెబుతాను.”

తర్వాత ప్రసూనాంబ మేడమ్‌ని లేపారు. ఈ అమ్మాయి మీకు తెలీకుండా చేసిందా అని అడిగారు.

“లేదండి. నా మొహమ్మీదే చెప్పి చేసింది.”

“ఏ పేషెంటునైనా చూడకుండా వదిలేసిందా?”

మేడమ్ ఆస్పత్రి వాళ్ళ వైపు చూడలేదు. “లేదు. ఓలేటి పోలమ్మ ఇప్పుడు కొత్తమ్మాయి చేతి మందు పీలుస్తోంది. అది నేను కళ్ళారా చూశాను.”

మండలి తీర్పు రెండు ముక్కలుగా వచ్చింది. నర్సు వెళ్ళిన రోజుతో ఆమె గొంతు తోడులో ఆగిపోవాలి, పేషెంట్లకి ముందే చెప్పాలి, ఇకపై ఏ నర్సుకైనా ఇంతే. పై అధికారి ఆజ్ఞ మీరినందుకు మాత్రం నా లైసెన్సు ఆరు నెలలు సస్పెండ్, అమావాస్య నుంచి. క్షమాపణ రాసిస్తే ఆ శిక్ష రద్దు.

కాగితం అక్కడే నా ముందు పెట్టారు. కలం కూడా పెట్టారు.

“మీరే నిజమని ఒప్పుకున్నదానికి క్షమాపణ ఎలా రాయనండి?” అన్నాను. చెవి వినబడని పెద్దాయన కోసం ఇంకోసారి గట్టిగా అన్నాను.

అమావాస్య

ఆఖరి డ్యూటీ. పొద్దున్నే సీతాలుకి నా స్టెతస్కోపు ఇవ్వబోతే, తనది తనకుందంది. నిజమే.

సూర్యుడు వాలే వేళకి మేడమ్ నన్ను తోడుల గదిలోకి తీసుకెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టారు. అందరి చెవుల్లోకీ ఒకేసారి వెళ్తుందన్నారు. “ఏం చెప్పాలో రాసుకున్నావా?”

“లేదండి.”

మైకులో చెప్పాను. “నేను ఎస్తేరుని. ఇది తోడు కాదు, నేనే మాట్లాడుతున్నాను. ఇన్నేళ్ళు నా మాట విని మంట భరించారు. ఇవాళ్టితో నా పని అయిపోయింది. రేపట్నించి మీ చెవిలో సీతాలు గొంతు వినబడుతుంది. ఆ పిల్ల నాలాగా బతిమాలదు, అడగండి, సరిగ్గా చెబుతుంది. దాన్ని నాతో పోల్చి ఏడిపించకండి. ఉంటాను.”

మేడమ్ మీట నొక్కి తోడులో నా గొంతు ఆపేశారు. తర్వాత లేచి నా తల మీద చెయ్యి వేశారు. “మొండిదానివి,” అన్నారు. నేర్పింది మీరేగా అనబోయి ఊరుకున్నాను.

బహుళ నవమి, సస్పెన్షన్ తీరిన మరుసటి నెల

ఈ ఆరు నెలలూ వలలకి ముడులు వేశాను, ఎండుచేపలు తిరగేశాను. పేషెంట్ల వైపు వెళ్ళలేదు. వెళితే సీతాలు పని చెడుతుంది. పోలమ్మ బతికే ఉందనీ, సీతాలుని రోజూ తిడుతోందనీ రేవులో జనం చెప్పుకుంటే విన్నాను.

ఇవాళ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరిగే పురుళ్ళ పడవ ఎక్కాను. అక్కడ తోడులు లేవు, ఎగువగట్టు లాంటి హంగులూ లేవు. పెద్ద మంత్రసాని హజరాబీ పొయ్యి మీద నీళ్ళు కాస్తూనే నన్ను ప్రశ్నలడిగింది. నా సంగతంతా ఆమెకి ముందే తెలుసు. ఈ నీళ్ళ మీద అందరికీ తెలుసు.

“మురళీధర్ దగ్గర ఉద్యోగం పోగొట్టుకున్నావ్, లైసెన్సు పోగొట్టుకున్నావ్. ఎందుకు పిల్లా అంత మొండితనం?”

“వాళ్ళు నన్ను నమ్మారండి.”

ఆమె మూత దించి, చేతులు కొంగుకి తుడుచుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. “సరే. ఒక్కటే అడుగుతా, నిజం చెప్పు. రేపెప్పుడో నన్ను కూడా వదిలేసి పోతావ్. అప్పుడు నేను వద్దంటే? నా పురుటాళ్ళకి చెప్పొద్దని ఒట్టు పెడితే?”

“ముందు మీకు చెబుతానండి. తర్వాత వాళ్ళకి చెబుతాను.”

“నేను కోప్పడితే?”

“కోప్పడండి. అయినా చెబుతాను.”

హజరాబీ లేచి కాగిన నీళ్ళు దించింది. లోపలి గదిలో ఎవరో అమ్మాయి నొప్పులకి మూలిగింది.

“చేతులు కడుక్కుని రా,” అంది.